లావు సప్పుడు

అన్న రైల్వే పనికి పోయాక ఆయన కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంత ఖాళీగా ఉండిపోయింది. బాపు దాని మీద చెక్క పరిచి, కొత్తగా తెచ్చిన రేడియోను ఆ చెక్క మీద పెట్టాడు. పాట గుంతలోకి దిగి, లావెక్కి పైకి వచ్చేది. ఆలేరులో మా వాడకట్టు వాళ్లు పొద్దుగూకగానే వినడానికి వచ్చేవారు.

వాళ్ల వాదమంతా పాట గురించి కాదు, పాట కింద నడిచే ఆ లావు సప్పుడు గురించి. గొర్రెలు కాసే మామకు అది వానలో తడిసిన డోలులా వినిపించేది. మంటకు కాస్తే గాని పలకదనేవాడు. బాపు ఒప్పుకునేవాడు కాదు. మంచి సప్పుడు గంజి పెట్టిన నూలులా బిర్రుగా ఉండాలట, మగ్గం దెబ్బలా పడి అక్కడే ఆగాలట. గుంతలో ఇసుక పోసి చూశాడు, తీసేశాడు, పాత గోనెలు పరిచాడు. నేను మూలన నూలు కండెలు చుడుతూ వినేదాన్ని. నచ్చిన మాటలు డైరీలో రాసుకునేదాన్ని.

రానురాను ఎంత లావు చేసినా బాపుకు చాలలేదు.

ఒక సాయంత్రం రేడియోలో ఒకామె, మద్దెల కూడా లేకుండా, ఒంటరిగా పాడుతోంది. అందరం కదలకుండా వింటున్నాం. బాపు చెక్క మీద అరచెయ్యి ఆనించి, మామ వైపు తిరిగాడు.

"ఇంకా షురూ కాలేదా, బావా?"

"మజాక్ చేస్తున్నవా? ఆమె గంత మంచిగ పాడుతాంటే."

బాపు నవ్వలేదు. పాట అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

అందరూ వెళ్లాక, అన్నం పెట్టనా అని అడిగాను. ఆయన నా మొహమే చూస్తూ ఉండిపోయాడు.

"ఈ నడుమ నాతోని మాట్లాడుతనే లేవేంది బిడ్డా? కోపమచ్చిందా?"

నేను మాట్లాడేదే తక్కువ, అదీ మెల్లగా. నా గొంతు ఆయనకు ఎప్పటి నుంచి అందడం లేదో ఇద్దరికీ తెలియలేదు.

ఏళ్ల తరబడి మగ్గం మోతకు సన్న సప్పుళ్లు ముందు పోయాయని, పోయినవి తిరిగి రావని దవాఖానలో చెప్పారు. బాపు నా మొహం చూసి, ఏమన్నారని అడగలేదు.

ఆ తర్వాత అన్నానికి పిలవాలంటే ఆ చెక్క మీద మడమతో కొట్టేదాన్ని. ఒక్క దెబ్బ, అక్కడే ఆగేలా. పక్క గుంతలో, తన మగ్గం మీద కూర్చున్న బాపు తలెత్తి, బాగా పలికిందన్నట్టు తలాడించేవాడు. కొట్టే ముందు ప్రతిసారీ, మెల్లగా, బాపూ అని పిలిచి చూసేదాన్ని.