ఫ్లాష్ యేసుకుమార్ గారి ఖాళీ కొమ్మలు

పిట్టను ఫ్లాష్‌తో ఫోటో తియ్యాలంటే, యేసుకుమార్ గారు ముందు ఆ ఫ్లాష్‌ను తన మొహం మీద తనే కొట్టుకునేవారు. "నా కళ్ళు తట్టుకుంటేనే దాని కళ్ళ జోలికి వెళ్ళాలి" అనేది ఆయన రూలు. ఆ కళ్ళు ఒక్కనాడూ తట్టుకున్న పాపాన పోలేదు. కళ్ళముందు చుక్కలు పోయి ఆయన తేరుకునేసరికి పిట్ట కంకిపాడు దాటేసేది.

ఆయన ముప్ఫై ఏళ్ళు చల్లపల్లి రూట్లో బస్సు నడిపి రిటైరయ్యారు. ఎదురుబండికి లైట్లు డిమ్ చెయ్యకపోవడం ఆయన దృష్టిలో హత్యాయత్నం. కెమెరా కొన్నాక అదే చట్టం పిట్టలకీ అమలు చేశారు. ఫ్లాష్‌కి తెల్ల జేబురుమాలు రెండు మడతలు కట్టేవారు. పవర్ అట్టడుగుకి దించేవారు. గూటివైపైతే అసలు తిప్పేవారే కాదు. ఇన్ని జాగ్రత్తల తర్వాత ఆల్బమ్‌లో మిగిలినవి కొమ్మలు.

"ఇది లకుముకి పిట్టమ్మా."

"ఎక్కడండీ?"

"అప్పుడే లేచింది. కొమ్మ ఊగడం కనిపించట్లా?"

ఇలా అడిగింది భానుశ్రీ. బెజవాడ గవర్నర్‌పేటలో కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఆదివారాలు పిట్టల ఫోటోలు తీసే ఆయన బృందంతో కెమెరా వేసుకుని తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా ఫ్లాష్ కొట్టుకుంటున్న ఆ కళ్ళు ఏమైపోయాయోనని బెంగపడి, ఒకరోజు ఆయన్ని షాపుకి లాక్కెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది.

"కింది వరస కనిపిస్తోందా బాబాయ్ గారూ?"

"కనిపించకేం? దానికింద చిన్నక్షరాల్లో ప్రెస్సు పేరు కూడా ఉంది. చదవనా?"

భానుశ్రీ దగ్గరికెళ్ళి చూసింది. నిజంగానే ఉంది. నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నా ఆమెకే తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం అందరూ ఉయ్యూరు దగ్గర కాలవగట్టుకి వెళ్ళారు. ఒక మొండి తాటిచెట్టు తొర్రలో పైడికంటె పిల్లలు రెండు బయటికి తొంగిచూస్తున్నాయి. ఈ గుడ్లగూబ జాతికి కళ్ళే ఆస్తి. తల్లి నోట మిడతతో కరెంటు తీగమీద కూర్చుని, ఈ జనం ఎప్పుడు కదుల్తారా అని చూస్తోంది.

దుర్గాప్రసాద్ అనే పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ ఆ రోజే బృందంలో చేరాడు. అతని ఫ్లాష్ కొడితే కల్యాణమండపం చివర భోజనాల బంతి కూడా వెలిగిపోతుంది.

"దగ్గరకెళ్ళి నాలుగు కొడితే పిల్లలు ఇటు చూస్తాయండీ" అంటూ తొర్రవైపు నడిచాడు.

"వద్దు బాబూ, వెనక్కి రా" అన్నారు యేసుకుమార్ గారు. అతను వినలేదు.

వెంటనే ఆయన చేతిలోని ఫ్లాష్ ఆయన మొహం మీదే ఫట్‌మంది. "అమ్మో, కళ్ళు!" అంటూ చేతులు చాచుకుని పరుగెత్తారు. దారిలో పేడకుప్పను చుట్టి వెళ్ళారు. ముళ్ళకంప మీంచి దూకారు. నేరుగా వెళ్ళి దుర్గాప్రసాద్‌ని ఫ్లాష్‌తో సహా కావలించుకున్నారు.

"ఎవరూ, దుర్గాప్రసాదేనా? కాస్త రోడ్డు దాకా నడిపించు నాయనా!"

పాపం, అతను చెయ్యి పట్టుకుని నడిపించాడు. తల్లి దిగొచ్చి ఒక పిల్ల నోట్లో మిడత పెట్టి వెళ్ళింది.

"బాబాయ్ గారూ," భానుశ్రీ ఆయన్ని పక్కకి పిలిచింది, "కళ్ళు కనపడనివాళ్ళకి పేడకుప్ప ఎలా కనపడిందండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎవరికీ చెప్పకమ్మా. కళ్ళు గట్టిగా మూసుకునే కొట్టుకుంటాను. మొదట్లో నోటితోనే చెప్పేవాణ్ణి. కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. మా గోలకి ఒక జంట గూడే వదిలేసి పోయింది. అదే ముసలాడు తూలి మీద పడితే ఎవరికీ కోపం రాదు, నవ్వుకుంటారు. వాళ్ళు నవ్వుకునేలోపు పిట్ట పని పిట్ట చూసుకుంటుంది."

"అయితే ఆ ఖాళీ కొమ్మలు కూడా నాటకమేనా?"

"అబ్బే, అది నిజమేనమ్మా. నాకు ఫోటోలు తియ్యడం రాదు."

ఇంతలో దుర్గాప్రసాద్ మళ్ళీ తొర్రవైపు బయల్దేరాడు. రెండో పిల్ల ఇంకా ఆకలితోనే ఉంది. యేసుకుమార్ గారు ఫ్లాష్ ఎత్తి నొక్కారు. వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది.

"అయ్యో! నా కాంటాక్ట్ లెన్స్ పడిపోయింది!" భానుశ్రీ గట్టున కూలబడి కేకపెట్టింది. "ఎవరూ అడుగు వెయ్యకండి, నలిగిపోతుంది!"

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు దుర్గాప్రసాద్. మంచివాడు. కెమెరా సంచిలో పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పరకా పరకా వెతికాడు. ఇరవై నిమిషాలు వెతికాడు. ఆలోగా తల్లి నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది.

"దొరకలేదండీ. బాగా ఖరీదైందా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా లెన్స్ పెట్టుకోని భానుశ్రీ, ఒక కన్ను మూసుకుని దీనంగా చూసింది.

"పర్వాలేదు లెండి, రెండోదుందిగా."

యేసుకుమార్ గారు కాలవవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.