పేర్లు కొట్టించని గ్లాసులు

వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మా ఆఫీసు వెనక కిటికీ తీయాలంటే నాకు మనసొప్పేది కాదు. నీళ్లున్నన్నాళ్లూ కనపడనిదంతా అప్పుడు బయటపడేది. అడుగు బురదలో, గట్టు పొడుగునా తెల్లగా ప్లాస్టిక్ కప్పులు. దూరం నుంచి చూసినవాళ్లు కొంగలు వాలాయనుకునేవారు. మా గోడ కిందవన్నీ మేం టీ తాగి పారేసినవే. కాలువల్లో పూడిక తీయించడం మా ఆఫీసు పని. ఆ పూడికలో మా వంతు కూడా ఉండేది.

బడి మెట్లెక్కకుండా ఇంట్లోనే నాన్నగారి దగ్గర చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు కట్టి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. విజయవాడలో కాలువ పక్కనే కుర్చీ దొరకడం కృష్ణమ్మ దయ అనుకునేదాన్ని. పొద్దున ఆ నీళ్లతో దేవుడికి అభిషేకం చేసి వచ్చి, సాయంత్రానికి ఆ నీళ్లలోకే కప్పులు పోతుంటే చూస్తూ ఎలా కూర్చోను? ఆఫీసుకు కావలసిన కాగితాలు, చీపుళ్లు, గ్లాసులు రాసి, మంజూరు చేయించి కొనడం నా సీటు పని. తొంభైల చివర, ఆ వేసవిలోనే నిశ్చయించుకున్నాను, ఇక నా చేత్తో ప్లాస్టిక్ కప్పులు కొనకూడదని.

ఆఫీసరు గారితో స్టీలు గ్లాసులు కొందామన్నాను.

"బాగానే ఉంది గానీ, కడిగేదెవరండీ?"

"ఎవరు తాగింది వాళ్లే కడుగుదామండి."

"అంటే నాది నేనేనా?" అని నవ్వి, సరేనన్నారు.

హెడ్ క్లర్కు గారు తమ సీట్లోంచే అందుకున్నారు. "రేపట్నించి చీపుళ్లు కూడా మానేసి మంత్రాలతో ఊడుద్దామా మేడమ్?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఆఫీసు ఊడ్చే ఆమె నా బల్ల దగ్గర చీపురు ఆపింది. కప్పులు ఏరి తట్టకెత్తి, వెనక గోడ మీంచి కాలువలో పోసేది ఆమే. వేరే చోటు మేం చూపిస్తేగా.

"స్టీలు గలాసులు తెత్తన్నారంటగా అమ్మగారూ."

"అవునమ్మా. నీకూ ఆ తట్ట మోత తప్పుతుంది."

"తట్టదేవుందిలెండి." ఆమె వెనక కిటికీ వైపు చూసింది. "మరి నా గలాసు మళ్లీ ఆడ పెట్టుకోమంటారా?"

కప్పులు రాకముందు ఆ కిటికీలో ఒక సొట్ట గ్లాసు బోర్లించి ఉండేది. ఆమె దాన్ని చాపితే, తగలకుండా పైనుంచి టీ పోసేవారు. ఎవరు పెట్టారో ఏమో, నేను ఉద్యోగంలో చేరేసరికే అది అక్కడుంది.

"ఈ పాడు కప్పులొచ్చాకే నాకూ అందరికిచ్చేదే ఇత్తన్నారండీ. కాలవకి మంచిది కాదని నాకూ తెలుసు. ఎత్తిపోసేదాన్ని నేనేగా."

మడీ అంటూ పాటించే ఇంట్లో పెరిగినదాన్ని. వేరే గ్లాసు అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "అక్కడ పెట్టనివ్వను" అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. తలూపి, ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఇంటికెళ్లి దీపం పెట్టి, కాలువ కోసం ఈమెనీ, ఈమె కోసం కాలువనీ వదలకుండా ఉండే బలం ఇమ్మని వేడుకున్నాను.

మర్నాడు హెడ్ క్లర్కు గారు ఉపాయం చెప్పారు. "స్టీలు కొట్లో పేర్లు కొడతారు కదా. ఎవరి గ్లాసు మీద వాళ్ల పేరు కొట్టించెయ్యండి, ఏ గొడవా ఉండదు."

మన ఇళ్లలో గిన్నె గిన్నెకీ పేరు కొట్టించుకోవడం మామూలే కనుక ఆఫీసరు గారికీ అది నచ్చింది. నాకు మాత్రం ఆ కిటికీ గ్లాసే కనిపించింది, ఈసారి పేరుతో సహా.

"పేర్లు వద్దండి. ఆఫీసు డబ్బుతో కొన్నవి ఆఫీసువే. అన్నీ ఒకే రకం, ఒకే ట్రేలో ఉంటాయి. ఏది చేతికొస్తే అది."

"అందరికీనా?" అన్నారు హెడ్ క్లర్కు గారు.

"అందరికీనండి."

"అయితే నేను ఇంటినించి తెచ్చుకుంటా."

"మీ ఇష్టమండి. ఆఫీసువి మాత్రం ఇలాగే కొంటాను."

ఆఫీసరు గారు పెన్ను మూత తీశారు. "పేర్లు లేకుండానే కొనండి" అని సంతకం పెట్టారు. ఆయన చల్లగా ఉండాలి.

పటమటలో కొట్టతను అలవాటుగా పేర్లు కొట్టే మిషన్ చేతిలోకి తీసుకుని, "ఏం పేరు కొట్టమంటారమ్మా?" అన్నాడు.

"ఏమీ వద్దు నాయనా."

"పేరు లేకపోతే మీవేనని ఎట్టా తెలుస్తదమ్మా?"

"తెలియకపోయినా ఫర్వాలేదు."

మొదటి రోజు టీ నేనే పోశాను. హెడ్ క్లర్కు గారు అన్నట్టే సొంత గ్లాసు తెచ్చుకున్నారు. బదిలీ అయ్యేదాకా అందులోనే తాగారు. మరుసటి వేసవికి మా గోడ కింద మట్టి మాత్రమే కనపడింది. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు ఊడ్చే ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"తీసుకోమ్మా, చల్లారిపోతోంది" అన్నాను.

ట్రేలోంచి ఒకటి తీసుకుంది. తాగి, కుళాయి దగ్గర కడిగి, కిటికీ వైపు ఒక్కసారి చూసి, ట్రేలోనే మిగతావాటి మధ్య బోర్లించింది.

సాయంత్రం టీకి నేను అందులోంచి ఒక గ్లాసు తీశాను. పొద్దున ఆమె తాగినదో, ఆఫీసరు గారు తాగినదో, నాదేనో ఎంత చూసినా తెలియలేదు. తెలియనందుకు కృష్ణమ్మకు మనసులోనే దణ్ణం పెట్టుకుని టీ పోసుకున్నాను.