గుండ్లు లేని వల

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట సాగేటప్పుడు గంగాలమ్మ గొంతు లేచిందంటే పక్కవాళ్లు తగ్గాల్సిందే. జాలరిపేట నుంచి ఏళ్ల తరబడి మా వీధికి వంజరం మోసుకొస్తున్న మనిషి. బేరమాడితే నన్నే తిట్టిపోసేది. అందుకే ఆమె అంటే నాకిష్టం.

అలాంటిది, క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశాక హార్బర్ మొహం చూడటం మానేసింది. పాటలో చేప మీదికి వంగి మొప్పలు ఎత్తి చూడాలి. అప్పుడు అందరి కళ్లూ తన మీదే పడతాయని సిగ్గు. పరామర్శకొచ్చి చూపులు అక్కడే పాతేసేవాళ్లను చూస్తే నాకైతే ఒళ్లు మండేది.

గాయం పూర్తిగా మానాక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. చర్మం కింద సిలికాన్ సంచి పెట్టొచ్చు. పొట్ట నుంచో వీపు నుంచో కండ తీసి రొమ్ములా అమర్చొచ్చు. ఆపరేషన్ వద్దంటే రవిక లోపల పెట్టుకునేవి దొరుకుతాయి. ఏదీ వద్దనుకున్నా తప్పు లేదు, ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

“పొట్టలో కావలసినంత ఉంది, తీసుకోండమ్మా. ఈపు మాత్రం ముట్టుకోకండి, బుట్ట మొయ్యాల,” అంది గంగాలమ్మ. మళ్లీ కత్తి అంటే ఆమెకి భయం. దాన్ని నవ్వులో కప్పేసింది.

ఇంటికొచ్చి పాత చీర ముక్కలో స్పాంజి కుక్కి తనే ఒకటి కుట్టుకుంది. అద్దంలో బాగానే కనబడింది. మర్నాడు తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్లింది. మొప్పలు చూద్దామని వంగి లేచేసరికి, ఆ స్పాంజి కాస్తా మెడ దాకా ఎక్కి కూర్చుంది! పైట బిగించుకుని, పాట ఊసెత్తకుండా ఇంటికొచ్చేసింది.

గడప దగ్గర భర్త తాతబాబు వల బాగుచేస్తున్నాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి అతను ఆమెవైపు నేరుగా చూసింది లేదు. తనంటే వెగటు పుట్టిందని గంగాలమ్మ లోలోపల కుమిలిపోతోంది. ఏడుస్తూనే జరిగింది చెప్పింది.

అతను తలెత్తలేదు. “పైన బెండ్లు కట్టి, కింద బరువుకి గుండ్లు కట్టకుండా ఒగ్గేత్తే వల నిలబడతాదేటి?” అన్నాడు.

“నానేటి, వలనా?” అని ఆ స్పాంజిని అతని మొహాన విసిరింది. అంతే, ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

తాతబాబు స్పాంజి పీకేసి, గుడ్డసంచిలో చోడిగింజలు, అదే రాగులు, పోశాడు. అరచేతిలో పెట్టి బరువు చూశాడు. ఆమెవైపు నేరుగా చూసి, ఇంకొన్ని పోశాడు.

“ఇన్నాళ్లూ సూడ్నేదేటి మరి?” అంది.

“నాను సూత్తే నువ్వేడుత్తావని.”

గంగాలమ్మ అప్పుడూ ఏడ్చింది, కానీ సంతోషంతో. రవిక లోపలివైపు జేబు కుట్టి సంచిని అందులో అమర్చుకుంది. డాక్టరమ్మ చూసి నవ్వింది. చెమటకి గింజలు పాడవుతాయి, మారుస్తూ ఉండమంది. వీలైతే రవికలో పెట్టుకునే సిలికాన్‌ది తీసుకోమంది.

ఆ మరుసటి పాటకి, ఎన్నడూ అటు రాని తాతబాబు వచ్చి ఐసు పెట్టెల పక్కన నిలబడ్డాడు. గంగాలమ్మ వంగింది, మొప్పలు చూసింది, లేచి గొంతెత్తింది. పక్కవాళ్లు తగ్గారు. వంజరం ఆమెదే.

“నిలబడిందేటి?” అని అక్కణ్నుంచే అరిచాడు తాతబాబు.

“నిలబడిందయ్యా! ముందొచ్చి ఈ బుట్ట నెత్తికెత్తు!”