శ్రీపాదకు బదులు ఎక్కిన గుట్ట

తొంభైలలో బహ్రెయిన్‌లోని జింజ్‌లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. నాతోపాటు పనిచేసే శ్రీలంక బౌద్ధురాలు కుసుమ, కొడుకు జబ్బు నయమైతే తమ పవిత్రమైన శ్రీపాద కొండ ఎక్కుతానని మొక్కుకుంది. వాడు కోలుకున్నాడు కానీ మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఆమెకు సెలవివ్వలేదు.

ఒక శుక్రవారం కఫీల్ కుటుంబం వంటసామానుతో సహా మమ్మల్ని ఎడారికి తీసుకెళ్లింది. గిన్నెలు తోముతున్న కుసుమ ఉన్నట్టుండి లేచి, చెప్పులు విడిచి, ఎదురుగా ఉన్న రాతిగుట్ట ఎక్కసాగింది. సగంలో ఎండదెబ్బకు కూలబడింది. భయపడి నీళ్లు తీసుకుని పరుగెత్తాను.

"దిగిపోదాం రావే, మేడమ్ అరుస్తోంది!"

"మొక్కు అక్కా. ఏ కొండైతే ఏముంది?" అంది వచ్చీరాని హిందీలో.

చెయ్యి పట్టుకుని పైదాకా నడిపించాను. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. తమ దేశం వైపు తిరిగి మోకరిల్లి ఏడ్చింది.

దిగాక తిట్లు తిని మళ్లీ గిన్నెల ముందు కూర్చున్నాం. గల్ఫులో రోజూ కఫీల్ ఇంటి పనికే అలసిపోయేదాన్ని. ఆ ఒక్కరోజు అలసటే నాదనిపించింది.