మా తోడికోడలి ఫైనల్ లెసన్

మొన్న మధ్యాహ్నం అన్నం తిని అలా నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. చూస్తే మా అక్క మనవరాలు. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, నా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. ఆ పిల్ల ఇప్పుడు బీఎడ్ చేస్తోంది. రేపు బడిలో పాఠం చెప్పాలట. లెసన్ ప్లాను ఫొటో తీసి పంపిందట, జర చూడమంది. కళ్లద్దాలు వెతుక్కుని చూశాను. ఏమీ మారలేదమ్మా! అవే గళ్లు, అవే గీతలు. ఎడమ పక్క గడిలో టీచరు ఏమడుగుతుందో రాయాలి, కుడి పక్క గడిలో పిల్లలు ఏమంటారో రాయాలి. రేపు పిల్లల నోట్లోంచి రాబోయే మాట ఇవాళే రాసి పెట్టుకోవడమన్నమాట. మా కాలంలోనూ ఇంతే. "పిల్లలు ఆసక్తిగా వింటారు" అని గడికొకసారి రాసేవాళ్లం. ముప్ఫై ఏళ్ల పైచిలుకు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు. పిల్లలు అంత ఆసక్తిగా వినేది ఇంటి గంట ఒక్కటే. ప్లాను బాగుందని చెప్పి ఫోను పెట్టేశాను. నిద్ర మాత్రం రాలేదు.

మా ఇద్దరివీ పంతులమ్మ ఉద్యోగాలే. డెబ్బైల మధ్యలో, కాస్త ముందూ వెనకా, ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చాం. నాకు పోస్టింగ్ జహీరాబాదులోనే, ఇంటికి నాలుగు గల్లీల అవతల ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో. నా అదృష్టం అది. అక్కకు ఝరాసంగం దాటి లోపల ఉన్న ఒక పల్లెలో. ఝరాసంగం దాకా బస్సు, ఆపైన నడక. వాన పడిందంటే నల్లరేగడి చెప్పులను గుంజుకునేది, ఆవిడ వాటిని చేత్తో పట్టుకుని నడిచేది. సోమవారం చీకటితో పోతే మళ్లీ ఇల్లు చూసేది శనివారం సాయంత్రమే. ఆ బడికి గది ఒకటి, టీచరు ఒకరు, తరగతులు అయిదు. ఒకటో తరగతికి పలకలు, రెండుకు ఎక్కాలు, మూడుకు చూచిరాత పెట్టి నాలుగు, అయిదు వాళ్లను కలిపి పాఠం చెప్పేది. పది నిమిషాలకల్లా వరస మార్చాలి, లేకపోతే ఏదో ఒక మూల కొట్లాట మొదలవుతుంది. నాలుగు పొయ్యిల మీద వంట చేసే మనిషి పని అది. పదకొండేళ్లు చేసింది మహాతల్లి.

ఆ పదకొండేళ్లలోనే ఒక ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండకముందే పాపకు ఒకదాని మీద ఒకటి జ్వరాలు. ఆ పల్లెలో దవాఖానా లేదు, మందూ లేదు. పెద్దవాళ్లు కూర్చుని పాప జహీరాబాదులో నా దగ్గర ఉంటుందని తేల్చారు. నాకు పిల్లలు కాలేదు. ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటాను. పాపకు నేనే నీళ్లు పోశాను, నేనే బువ్వ పెట్టాను, నా పక్కలోనే పడుకోబెట్టుకున్నాను. అది నన్ను అమ్మా అని పిలిచింది. కన్నతల్లిని బడమ్మ అనేది. శనివారం సాయంత్రం బడమ్మ గుమ్మంలోకి రాగానే నా కొంగు చాటుకు చేరేది. అక్క నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను టీ పెట్టే నెపంతో లోపలికి పోయేదాన్ని. పోతూ పోతూ లోపల్లోపల సంతోషపడేదాన్ని కూడా. పాపిష్టిదాన్ని, దాచడం ఎందుకు?

అందుకే అక్క చదువు మొదలుపెట్టింది. బీఎడ్ ఉంటే హైస్కూలుకు ప్రమోషన్ వస్తుంది, హైస్కూలు అంటే బస్సు తిరిగే ఊళ్లో ఉంటుంది, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, బిడ్డను తన దగ్గర పెట్టుకోవచ్చు. ఆవిడ లెక్క ఇదొక్కటే. బడి విడిచాక పల్లెలో కందిలి దీపం పక్కన చదివి ప్రైవేటుగా బీఏ కట్టింది. తరవాత, పనిచేసే టీచర్లకు వేసవి సెలవుల్లో క్లాసులు పెట్టే బీఎడ్ దొరికింది. రెండు వేసవులు హైదరాబాదులో రేకుల షెడ్డు కింద కూర్చుని నోట్సు రాసుకుంది. థియరీ అంతా గట్టెక్కింది. చివరికి మిగిలింది ఫైనల్ లెసన్. పై నుంచి వచ్చిన ఎగ్జామినరు వెనక కూర్చుంటే నలభై నిమిషాలు పాఠం చెప్పాలి. అది పోతే కోర్సు మళ్లీ మొదటికి. ఆ ఏడు ప్రమోషన్ లిస్టు దాటిందంటే మళ్లీ ఎన్నేళ్లకో ఎవరికీ తెలియదు. పాపకు అప్పటికే ఆరు నిండాయి.

ఫైనల్ లెసన్లకు మా బడినే సెంటరు చేశారు. ఏడో తరగతి, అంటే నా తరగతి. సాంఘికశాస్త్రం, నేలల పాఠం. అప్పట్లో ఒక మామూలు ఉండేది. పరీక్ష పాఠానికి ముందురోజు క్లాసు టీచరు పిల్లల్ని కూర్చోబెట్టి, రేపు ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు చెయ్యెత్తాలి, ఎవరు నోరు మూసుకోవాలి అని తర్ఫీదు ఇచ్చేది. ఆ వారం పరీక్ష పాఠం చెప్పడానికి వచ్చిన అయిదారుగురి కోసం నేనా పని చేశాను. వాళ్లెవరో కూడా నాకు తెలియదు. అక్క వంతు వచ్చేసరికి మరిచిపోయాను. మరిచిపోయాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పొద్దున పాపకు జడ వేస్తుంటే అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. ఇస్త్రీ చీర, చేతిలో చార్టులు, తువ్వాలలో కట్టుకొచ్చిన పల్లె మట్టి. "చెల్లె, పిల్లలు మంచిగ చెప్తరంటవా? నాకు జర గుబులైతుంది," అంది. "ఏం కాదక్కా, ఫికర్ చేయకు," అన్నాను. నా చేతుల్లో జడ రెండుసార్లు విడిపోయింది.

పాఠం బాగానే మొదలైంది. ఎగ్జామినరు సారు వెనక బెంచీలో, ఆ పక్కనే కుర్చీలో నేను. అక్క బట్టీపట్టిన పుస్తకం భాషలో, "పిల్లలూ, మన రాష్ట్రంలో ఎన్ని రకాల నేలలు ఉన్నాయో ఎవరు చెబుతారు?" అంది. ఎవరూ చెప్పలేదు. ఇంకోసారి అడిగింది. నలభై తలలు కదలకుండా చూశాయి. పేరు పెట్టి లేపడానికి ఆవిడకు ఎవరి పేరూ తెలియదు. ప్లానులో కుడి పక్క గడిలో రాసుకున్న జవాబు ఏ నోట్లోంచీ రాలేదు. సారు పెన్ను రాస్తూనే ఉంది. అక్క మెడ మీద చెమట వెనక కూర్చున్న నాక్కూడా కనిపించింది, ఆవిడ బోర్డు వైపు తిరిగినప్పుడు.

ఇటు తిరిగేసరికి ఆవిడ ముఖం మారిపోయింది. భయంలో మనిషిని చేతికి అలవాటైన పనే లాక్కుపోతుందేమో. పదకొండేళ్ల గది ఒక్కసారిగా మీదికి వచ్చింది కాబోలు. కిటికీ వైపు వరసకు చెయ్యి చూపించి, "మీరు బోర్డు మీది బొమ్మ దించుకోండ్రి, సప్పుడు చేయొద్దు," అంది. రెండో వరసకు, "మీరు లోపల్లోపల సదువుకోండ్రి," అంది. తలుపు పక్క వరస వైపు తిరిగి గట్టిగా, "ఒకటో తరగతోళ్లు, పలకలు తీయుండ్రి!" అంది.

ఏడో తరగతిలో పలకలెక్కడివి? ముందు బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. తను ఏమందో అక్కకు అప్పుడు అర్థమైంది. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. సారు పెన్ను కూడా ఆగింది. పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి నా వైపు చూశారు. వాళ్ల టీచరును నేను. నవ్వమంటే నవ్వుతారు, వినమంటే వింటారు. నేను కొద్దిగా తల ఊపితే చాలు.

నేను ఊపలేదు. తల దించి నేల వైపు చూశాను. నా కాలివేళ్లు, బండల సందులో చీమలు. పాప మెడ వెనక వాసన గుర్తొచ్చింది. ఈవిడ పరీక్ష తప్పితే పాప నాకే ఉంటుంది. అంత స్పష్టంగా అనుకున్నాను, ఈ మాటల్లోనే. ఎంతసేపో చెప్పలేను.

సంచులు విప్పుతున్న చప్పుడు వినిపించింది. తలెత్తేసరికి తలుపు పక్క వరస అంతా పలకలకు బదులు నోటుబుక్కులు తీసి పెట్టుకుని, పెన్సిళ్లు పట్టుకుని అక్క వైపు చూస్తోంది. ముందు తీసిందెవరో నాకు తెలియదు. నేను చూడలేదు కదా.

అక్క ఊపిరి పీల్చుకుంది. ఇక పుస్తకం భాష జోలికి పోలేదు. తువ్వాల విప్పి, "దగ్గరికి రాండ్రి, గీ మట్టి పిసికి చూడుండ్రి, ముద్దయితదా, రాలిపోతదా రాయుండ్రి," అని ఆ వరసకు చెప్పింది. బొమ్మ దించుకునేవాళ్లకు ఒక ప్రశ్న, చదువుకునేవాళ్లకు ఒకటి, మిగిలిన వరసకు చార్టు. నాలుగు వరసలు, నాలుగు పనులు, ఒకటే పాఠం. ఎర్రనేలలో ఆలుగడ్డ ఎందుకు బాగా ఊరుతుందో ఒకడు లేచి చెప్పాడు. వాళ్ల నాయన పండిస్తాడట. సారు కూడా లేచి వరసల మధ్య తిరిగాడు. గంట కొట్టాక, "ఈ పద్ధతి మీ ప్లానులో లేదు కదమ్మా?" అన్నాడు. "లేదు సార్. అలవాటు మీద పొరపాటైంది. మా బడిల అయిదు తరగతులకు నేనొక్కదాన్నే," అంది అక్క. ఆయన ఏదో రాసుకుని పుస్తకం మూశాడు. మంచి అనలేదు, చెడ్డ అనలేదు.

వరండాలోకి రాగానే అక్క నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "చెల్లె, పిల్లలు నీ దిక్కు చూసినప్పుడు నువ్వు తల ఊపకుంటే నా కత అయిపోయేది. నా బిడ్డను నాకిచ్చినవ్," అంది. నేను, "ఊకో అక్కా, పిల్లలు చూస్తున్నరు," అన్నాను. అంతే అన్నాను.

మార్కులు అత్తెసరుగా వచ్చాయి, కానీ పాసైంది. ఆ ఏడాదే కోహీర్ హైస్కూలుకు ప్రమోషన్ ఇచ్చారు. అక్కా బావగారూ అక్కడే ఇల్లు తీసుకున్నారు. పాప బట్టలు నేనే మడతపెట్టి ట్రంకులో సర్దాను. బస్సు ఎక్కేటప్పుడు అది ఏడ్చింది, నేను ఏడవలేదు. ఇంటికొచ్చాక సంగతి వేరు. మొదట కొన్నాళ్లు సెలవులకు వచ్చినప్పుడు అమ్మా అనే పిలిచింది. తరవాత ఒకరోజు చిన్నమ్మా అంది. వరసకు అదే సరైన పిలుపు.

అక్క ఇప్పటికీ గట్టిగానే ఉంది. నలుగురు కూడిన చోటల్లా ఈ కథ చెబుతుంది, చెప్పి నన్ను చూపిస్తుంది, అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను కొంగు సర్దుకుంటూ కూర్చుంటాను. తల ఊపలేదక్కా, ఆ పిల్లలే నీకు సాయం వచ్చారు, నేను కాదు, అని ఒక్కమాట చెప్పాలి. పెళ్లిళ్లలో కలిశాం, చావుల్లో కలిశాం, ఒకే గదిలో పక్కపక్కనే పడుకుని తెల్లార్లూ మాట్లాడుకున్నాం. చెప్పడానికి టైము దొరకలేదని మాత్రం అనలేను. నలభై ఏళ్లు దొరికింది.