టెట్ రాని అక్క

మొదటిసారే టెట్ పాసయ్యానని నాకు కాస్త పొగరుండేది. టీచరు ఉద్యోగానికి కావలసిన ఆ అర్హత పరీక్ష కోసం అమీర్‌పేటలో రెండు నెలలు కోచింగ్ తీసుకున్నాను. పంజాగుట్ట సందులో ఓ చిన్న ప్రైవేటు బడిలో చేరేనాటికి మాత్రం ఒక్క పిల్లవాడికైనా పాఠం చెప్పి ఎరగను.

అదే బడిలో మూడో తరగతి చెప్పే అక్కకు పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉంది, టెట్ లేదు. తనిఖీలకు వస్తున్నారని, ఈసారీ పాసు కాకపోతే క్లాసు ఇవ్వలేనని కరస్పాండెంట్ సార్ ఆమెకు చెప్పేశారు. ఆమెను చదివించే పని నామీద పడింది.

బడి వదిలాక స్టాఫ్‌రూములో కూర్చునేవాళ్ళం. లెక్కలు, తెలుగు ఆమెకు నల్లేరు మీద నడక. చిక్కంతా పిల్లల మనస్తత్వం ప్రశ్నలతోనే. ఒక పిల్లవాడు రోజూ హోంవర్కు చేయడం లేదు, టీచరు ఏం చేయాలి? కింద నాలుగు జవాబులు. ఆమె దేనికీ టిక్కు పెట్టకుండా నా మొహం చూసింది.

"ఏ పోరడు?"

ఎవడైతే ఏంటక్కా, ఇది ప్రశ్న, అన్నాను విసుగ్గా.

"గట్ల కాదు చెల్లె. కొందరికి ఇంట్ల కూసోని రాసుకోనీకి జాగ ఉండదు. కొందరికి రాసుడే రాదు, చెప్పనీకి సిగ్గు. ఎవరో తెల్వకుంట నేనేం చెయ్యాలె?"

కోచింగ్‌లో నేర్చిన కిటుకు చెప్పాను. తిట్టే జవాబు కొట్టెయ్యి, తల్లిదండ్రుల్ని పిలిపించేది కొట్టెయ్యి, ప్రోత్సహించేది పెట్టెయ్యి. చదవేస్తే ఉన్న మతి పోయేటట్టుందని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ కోచింగ్ పుస్తకాల్లో మంచి లేకపోలేదు. పిల్లల్ని కొట్టకూడదని నేను గట్టిగా నమ్మింది వాటిని చదివాకే.

పరీక్షలో ఆమెకు నాలుగు మార్కులు తక్కువొచ్చాయి. ఆమె క్లాసు నాకిచ్చి, ఆమెను కింద నర్సరీలో ఆయాగా ఉంచారు. కొత్త సంవత్సరం మొదటిరోజు బీరువా తాళాలు నా చేతిలో పెట్టి, "జర పైలం, మస్తు మంచి పిల్లలు" అని మాత్రం అంది. ఏడ్చింది నేను.

ఇంటర్వెల్ గంట కొట్టగానే నా క్లాసు పిల్లలు రాని లెక్క పట్టుకుని కిందికి, ఆమె దగ్గరికి పరుగెత్తేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. రెండుసార్లు కసిరాను కూడా. వాళ్ళు ఆగలేదు.

ఇప్పుడు వాళ్ళు పైకొచ్చేశాక, మళ్ళీ గంట కొట్టేలోపు నేనూ ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ఆ రోజు నా పాఠం ఎవరికి ఎక్కలేదో చెబుతాను. ఓ చంటిదాని ముక్కు తుడుస్తూ, ఆమె నాకు పాఠం చెబుతుంది.