మామిడి లేని ఉగాది

శబరి నది దాటి కొంటా పక్క ఊరికి వచ్చేటప్పటికి నాకింకా పాలపళ్ళు ఊడలేదు. అప్పుడది బస్తర్ సంస్థానం. బయటినుంచి వచ్చినవాళ్ళు అక్కడ గుడిసె వేసుకోవచ్చుగానీ, అరక కట్టాలంటే ఊరి పెద్ద కచేరీకి వచ్చి, తాసిల్దారు ఎదుట "వీళ్ళు మావాళ్ళే" అని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం మా నాన్న ఎడ్లను మేపుకుంటూ కాచుకుని ఉన్నాడు. వెనక్కి పోదామంటే అవతలి గట్టున మాకు ఏమీ మిగల్లేదు.

ఇంతలో ఉగాది వచ్చింది. మా అమ్మ చేతికి ఎముక లేదు. లేత మామిడి ముక్కలు దండిగా వేసి పచ్చడి కలిపి, దొప్పల్లో పోసి, నాచేత ఊరంతా పంచింది. ఆ ఊరి దోర్ల గిరిజనుల ఇళ్ళలో ఎవరూ దాన్ని నోట పెట్టలేదు. ఊరి పెద్ద దొప్పను చూసి, నన్ను చూసి, దానిమీద ఆకు కప్పి చూరు కింద పెట్టాడు. నాకు భయమేసింది.

సాయంత్రం పక్కింటామె వచ్చి చెప్పింది. "ఏందక్కా గిట్ల చేసినవ్? ఇంక మామిడి పండుగ కాలే. మా ఊరి తల్లికి పెట్టకముందు ఎవ్వరు కాయ తెంపరు."

నాన్న తల పట్టుకున్నాడు. "నీ పచ్చడి మన కొంప ముంచింది."

అమ్మ ఊరుకునే రకం కాదు. "కాయ తెంపుకొచ్చిందెవరు?"

తెచ్చింది ఆయనే. కుండెడు పచ్చడి మాత్రం ఇంకా మిగిలే ఉంది.

మర్నాడు అమ్మ ఎవరినీ అడగకుండా, గంపలో నది దాటించి తెచ్చుకున్న ఒకే ఒక్క కోడిపెట్టను చంకన పెట్టుకుని ఊరి పెద్ద ఇంటి ముందు నిలబడింది. "తెలవక చేసినం మావా. తల్లికి ఏం చెయ్యాల్నో చెప్పు, చేస్త." ఆ పెట్టంటే నాకు ప్రాణం. అక్కడే ఏడ్చేశాను.

పెద్ద నన్ను చూసి నవ్వాడు. "పండుగ దాక నువ్వే మేపు బిడ్డా. ఆ దినం తీస్కరా. మీ అమ్మను పచ్చడి గుడ తెమ్మను."

పండుగనాడు ఊరి కాయలన్నీ తల్లి ముందు రాశి పోశారు. నా కోడీ ఆమెకే పోయింది. అమ్మ మళ్ళీ పచ్చడి కలిపి, మొదటి దొప్ప తల్లికి పెట్టి, రెండోది పెద్దకు ఇచ్చింది. వేపపువ్వు నాలుకకు తగిలినప్పుడు ఆయన ముఖం చూసి తీరాలి. అయినా చుక్క మిగల్చలేదు.

తర్వాత కచేరీలో, నేను నాన్న పంచె పట్టుకుని నిలబడి ఉండగా, వీళ్ళు ఎక్కడివాళ్ళని తాసిల్దారు అడిగాడు.

"నది అవతలోళ్ళే," అన్నాడు పెద్ద. "కని మా పండుగ కాయ మాతోని తిన్నరు. ఇగ మావోళ్ళే."

ఆ వానాకాలం నాన్న అరక కట్టాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఉగాది పచ్చడిలో మామిడి పడదు, ఊరి పండుగ దాకా ఆగుతాం. ఇదెక్కడి ఉగాది అని మనవలు గొణిగితే, మనం ఈ ఊరివాళ్ళమైంది ఉగాదినాడు కాదు, మామిడి పండుగనాడు అని చెబుతాను.